నీలమ్మ పుస్తకాల అంచులు

"గంట పడుతుంది పెద్దాయనా, సార్ సంతకం కావాలి, ఇక్కడే కూర్చోండి" అని చెప్పి విమలాదేవమ్మ లోపలికి వెళ్ళిపోయింది. యూనివర్సిటీ లైబ్రరీకి ఎవరైనా పుస్తకాలు దానం ఇస్తే తీసుకునేది ఆమే. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. నా కాళ్ళ దగ్గర రెండు మూటలు, నా భార్య సత్తెమ్మ పాత చీర చింపి కట్టి ఇచ్చినవి, వాటిలో చచ్చిపోయిన నా బిడ్డ నీలమ్మ పుస్తకాలు ముప్ఫై, ముప్ఫై ఒకటోది ఆ అమ్మ చేతిలో లోపలికి పోయింది. పోయే ముందు ఆమె దాన్ని తెరిచి, ఒక పేజీ అంచు మీద వేలు ఆనించి చాలాసేపు చూసి, "ఈ అంచులు ఎవరు కోశారు?" అని అడిగింది. "నేనే కోసిన అమ్మా" అన్నాను, సంబరంగానే అన్నాను, మెచ్చుకుంటుందనుకున్నాను, ఎందుకంటే అంత నున్నగా నా జన్మలో ఏ పుస్తకాన్నీ కోయలేదు. "ఇక్కడ పక్కన మీ అమ్మాయి పెన్సిల్‌తో ఏదో రాసుకుంది కదా. ప్రతి పేజీలో రాసింది. సగం సగం తెగిపోయాయి. చూసుకోలేదా?" అంది. కసురుకోలేదు. కసురుకుంటే బాగుండేది. "చూసుకోలే" అన్నాను. చదవడం రాదని మాత్రం చెప్పలేదు.

కమలా, మీ తాత మెల్లగానే చెప్తాడు, నువ్వూ మెల్లగానే రాయి. నేను పోయిన అంటే నువ్వు వెళ్ళాను అని రాస్తున్నావు, నాకు తెలుస్తోంది, పెన్ను ఎక్కువసేపు కదులుతోంది. రాయి బిడ్డా, కాలేజీ పిల్లవి, నీకు ఎట్లా మంచిదనిపిస్తే అట్లా రాయి. మాట తప్పిపోకుంటే చాలు.

నలభై ఏళ్ళు పుస్తకాలకు జిల్దు, అదే బైండింగు, కట్టినవాడికి చదువు రాదంటే ఎవరైనా నవ్వుతారు. కానీ ఛత్తా బజారులో మా వాళ్ళలో సగం మందికి రాదు. అంకెలు వస్తే చాలు, పేజీలు వరసలో పెట్టుకోవచ్చు, ఏ కొస పైకి ఉండాలో చూడగానే తెలుస్తుంది, అట్ట మీద బంగారు అక్షరాలు ఎక్కించాలంటే చీటీ మీద ఎవరో రాసిచ్చింది బొమ్మ దించినట్టు దించుతాం. మా గౌస్ ఉస్తాద్‌కు ఉర్దూ చదవడం వచ్చు, ఆయన చదవడానికే పుస్తకం తెరిచేవాడు, నేను తెరిస్తే దారం కోసం. నాకు పదకొండేళ్ళప్పుడు మా నాయన లాల్‌దర్వాజా నుంచి నడిపించుకుంటూ తీసుకుపోయి ఆయన దుకాణంలో కూర్చోబెట్టాడు. మూడేళ్ళు లై కలపడమే నా పని, మైదాపిండి ఉడకబెట్టి మైలుతుత్తం వేసి గడ్డ కట్టకుండా తిప్పడం. కత్తి ముట్టనిచ్చింది నాలుగో ఏట. కుట్టిన పుస్తకాన్ని శికంజాలో పెట్టి, అంటే రెండు చెక్కల మధ్య పెట్టి మరలు బిగించి, మూడు పక్కలా కత్తి నడిపిస్తే, చిందరవందర పేజీలన్నీ ఒక్క గోడలాగ నిలబడతాయి. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకుని నడిపించేవాడు. "ఐసా కాట్‌నా బాలా, కాగజ్ కో మాలూమ్ నై పడ్నా." కోసినట్టు కాగితానికి తెలియకూడదు. తెలియకుండానే కోశాను ఉస్తాద్, కాగితానికి తెలియలేదు, నాకూ తెలియలేదు, ఆ అమ్మ వేలు పెట్టి చూపించేదాకా.

వరండాలో పైన పావురాలు. కింద నా బెంచీకి ఎదురుగా పెద్ద హాలు, తలుపు తెరిచే ఉంది, లోపల పిల్లలు తలలు వంచుకుని చదువుతున్నారు, అంత మంది ఉన్నా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మా గల్లీలో నలుగురు ఉంటేనే లొల్లి. ఈ చప్పుడు లేకపోవడం కోసమేనేమో నీలమ్మ పొద్దున్నే ఏడు గంటల బస్సుకు వచ్చేది. అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి, నిలబడి, ఒక్క చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో పుస్తకం. ఎక్కడ కూర్చునేదో. కిటికీ పక్కనా, గోడ వైపా. ఆమె బతికున్నప్పుడు నేను ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు. చీకటి మూల అయితే కాదు, వెలుతురు కావాలి ఆమెకు, ఇంట్లో కూడా గడప మీద కూర్చునేది, వచ్చేపోయేవాళ్ళకు కాళ్ళు అడ్డం అని సత్తెమ్మ తిట్టేది, కాళ్ళు ముడుచుకునేది గాని లేచేది కాదు. చెవి వెనుక పెన్సిల్. వడ్రంగి పని చేస్తున్నవా బిడ్డా అని మా పక్కింటి రుక్మాబాయి ఎగతాళి చేసేది. పెన్సిల్ నోటుబుక్కులకు అనుకున్నాను నేను. పుస్తకం పక్కన ఖాళీలో రాస్తుందని నాకెట్లా తెలుస్తుంది, నేను చూసినప్పుడల్లా ఆమె వీపే కనబడేది.

పుస్తకాలన్నీ కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్నవి. పాతవి. ఒకరు చదివి అమ్మితే ఇంకొకరు కొని, వాళ్ళు అమ్మితే ఇంకొకరు. పెన్నుతో రాస్తే మళ్ళీ ఎవరూ కొనరని పెన్సిల్‌తో రాసుకుంది, ఈ మాట తర్వాత లైబ్రరీ అటెండరు మల్లన్న చెప్తేనే నాకు అర్థమైంది, అందరు పిల్లలూ అట్లాగే చేస్తారట. కానీ ఆమె ఒక్కటీ అమ్మలేదు. కుట్లు ఊడిపోయి, వీపులు పగిలిపోయి, రిబ్బను ముక్కలతో కట్టుకుని మోసేది. "బాపూ, జర నా కితాబులు గూడ కట్టరాదే, దారిపొంటి పేజీలు రాలుతున్నయ్" అని అడిగింది. "కోర్టు ఫైళ్ళున్నయ్ బిడ్డా, గవి అయినంక కడ్త" అన్నాను. "కోర్టోళ్ళకు జడ్జి ఉన్నడు, నాకెవరున్నరు?" అంది నవ్వుతూ. ఇంకోసారి అడిగింది, అప్పుడు బడి రిజిస్టర్లు ఉన్నాయి. మూడోసారి అడగలేదు. నేను కట్టనన్నానా? అనలేదు. రేపు అన్నాను. ఇంట్లో మనిషి పని ఎప్పుడూ రేపే కదా, బయటివాడు దుకాణం ముందు నిలబడతాడు, ఇంట్లో మనిషి గడప మీద కూర్చుని చదువుకుంటుంది, తొందరేముంది అనుకుంటాం.

లోపల ఎవరో దగ్గారు. విమలాదేవమ్మ గది తలుపు మూసే ఉంది. తీసుకోము అంటే? అంచులు పాడుచేశావు, రాతలు పాడుచేశావు, ఇవి మాకు పనికిరావు అంటే ఈ మూటలు ఎత్తుకుని అదే బస్సులో తిరిగి పోవాలి. సత్తెమ్మ గుమ్మంలోనే ఉంటుంది. ఏమని చెప్పాలి. పొద్దున మూటలు కట్టేటప్పుడు ఒక్కొక్క పుస్తకాన్ని కొంగుతో తుడిచి పెట్టింది. "ఇచ్చిరా. ఇంట్ల పెట్టుకోని ఏం జేస్తం, మనం చదువుతమా?" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఏడాది పట్టింది. బోనాలకు ముందు నీలమ్మకు కళ్ళు పచ్చబడ్డాయి, పసరు మందు పోయించాం, పథ్యం పెట్టాం, పరీక్షలు దగ్గరికొచ్చాయి అంటూ మంచం మీద కూడా పుస్తకం విడవలేదు. మహంకాళి గుడి దగ్గర డప్పులు మోగుతుంటే గల్లీ అంతా ఊగుతోంది, ఆ చప్పుడులో బిడ్డ ఏదో అడిగింది, నాకు వినబడలేదు, వంగి చెవి పెట్టాను, "తలుపెయ్యి బాపూ" అంది. తలుపు వేస్తే చప్పుడు ఆగుతుందా. వేశాను. దవాఖానకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది అన్నారు. ఇరవై రెండేళ్ళు. పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులుంది. సత్తెమ్మ పుస్తకాలన్నీ రేకు పెట్టెలో వేసి మీద చాప పరిచింది, ఆ పెట్టె మీద ఎవరూ కూర్చోకూడదు.

మరుసటేడు, డెబ్బై ఆరులో, చార్‌కమాన్ దగ్గర బట్టల దుకాణం ప్రహ్లాద్ సేట్ తన పాత లెక్క పుస్తకాలు కట్టించుకోవడానికి వచ్చి, పేపరు చదువుతూ, "ఇగో బాలనర్సింహా, యూనివర్సిటీ లైబ్రరోళ్ళు పుస్తకాలు దానం అడుగుతున్నరు, గరీబు పిల్లలకు బుక్ బ్యాంకట, ఏడాది పొడుగున ఉంచుకోవచ్చట. నేనొక బీరువా ఇద్దామనుకుంటున్న, మా అమ్మ పేరు మీద" అన్నాడు. బుక్ బ్యాంకు నాకు తెలుసు. నీలమ్మ చెప్పింది. ఒక పుస్తకం కోసం ఆమె పేరు పదిహేడో నంబరులో ఉండేది, పదహారు మంది చదివేదాకా ఆగితే పరీక్ష అయిపోతుందని, లైబ్రరీలో కూర్చుని ఆ పుస్తకం మొత్తం చేత్తో ఎక్కించుకుంది. నెల పట్టింది. మధ్య వేలు మీద నల్లగా గుంట పడింది, అన్నం కలుపుకుంటే నొప్పి అనేది. "నాకు నౌకరి రానీ బాపూ, నా కితాబులన్నీ గాళ్ళకే ఇచ్చేస్త. ఇంకొకళ్ళు గిట్ల రాసుకుంట సావొద్దు" అంది. నౌకరి రాలేదు. మాట ఉంది. ఆ రోజు ఇంటికి పోయి చాప తీసి పెట్టె తెరిచాను.

ఎట్లా ఉన్నాయంటే, సిగ్గుపడ్డాను. జిల్దుసాజు బిడ్డ పుస్తకాలు. దారాలు వేలాడుతున్నాయి, కొసలు కుక్కలు నమిలినట్టున్నాయి, ఇట్లాంటివి యూనివర్సిటీకి ఎట్లా ఇస్తాం. రోజూ పని అయినంక గౌస్ ఉస్తాద్ దుకాణంలోనే వెలుతురు ఉండగానే రెండు గంటలు కూర్చున్నాను, నలభై రోజులు. ఉస్తాద్ అప్పటికి ముసలాయన, కళ్ళు కనబడవు, చేత్తో తడిమి చూసి "మాషా అల్లా" అన్నాడు, తన దగ్గర దాచుకున్న తోలు ముక్కలు వీపులకు ఇచ్చాడు. విప్పి, విడదీసి, చిరిగిన మడతలకు సన్న కాగితం అంటించి, కొత్త దారంతో కుట్టి, వీపు గుండ్రంగా కొట్టి, మూలలకు ఎర్ర గుడ్డ. అట్ట మీద బంగారు అక్షరాల్లో ఆమె పేరు, ప్రహ్లాద్ సేట్ చీటీ మీద రాసిచ్చాడు, ముప్ఫై ఒక్క సార్లు దించాను, ఇప్పటికీ ఆ మూడు అక్షరాలు కళ్ళు మూసుకుని రాస్తాను. ఒకరోజు సత్తెమ్మ సద్ది తెచ్చి, నిలబడి చూసింది చాలాసేపు. "బతికున్నప్పుడు ఒక్కటి కట్టనోనివి" అంది. అంత మాట అని గిన్నె పెట్టి పోయింది. నేను శికంజా మర బిగించాను.

పేజీల పక్కన ఆ నల్లటివి కనబడలేదా అంటే కనబడ్డాయి. మసి అనుకున్నాను. ఎన్ని చేతులు మారిన పుస్తకాలో, ఎవరెవరి వేళ్ళ మురికో అనుకున్నాను. మసి ఎక్కువ ఉన్న చోట, శుభ్రంగా ఉండాలని, కత్తిని ఇంకొంచెం లోపలికి జరిపాను. బెంచీ మీద కూర్చుని ఇదే తిరుగుతోంది నా తలలో, ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం లోపలికి. కోసిన కాగితం పీలికలు కత్తి కింద చుట్టలు చుట్టలుగా పడతాయి, వాటిని మేము పారేయం, సంచిలో నింపి ఉంచితే లాడ్ బజారు గాజుల దుకాణాలవాళ్ళు తీసుకుపోతారు, గాజులు పగలకుండా డబ్బాల్లో మధ్యన కూరుతారు. ఆ నలభై రోజుల పీలికలు కూడా పోయాయి. నా బిడ్డ రాసిన మాటల సగాలు ఏ ఊరి పెళ్ళికూతురి గాజుల డబ్బాలో ఉన్నాయో. ఆ పెళ్ళికూతురు గాజులు తీసుకుని, ఆ కాగితం వాకిట్లో పారేసి ఉంటుంది. అందులో అక్షరాలున్నాయని ఆమె కూడా చూసి ఉండదు.

బెంచీకి ఆ చివర కిటికీ కింద బల్ల వేసుకుని ఒక అటెండరు కూర్చుని ఉన్నాడు, ఖాకీ చొక్కా, నా వయసువాడే. పక్కన పుస్తకాల దొంతర. ఒక్కొక్కటి తెరవడం, ఏదో గట్టిగా రుద్దడం, ఉఫ్ అని ఊదడం, పేజీ తిప్పడం, మళ్ళీ రుద్దడం. చాలాసేపు ఊరికే చూశాను, చెయ్యి కాగితానికి అడ్డం పోతోంది, కాగితానికి కూడా గుడ్డకు ఉన్నట్టే నిలువూ అడ్డమూ ఉంటాయి, అడ్డం రుద్దితే ముడత పడుతుంది, మాకు అది చూస్తే పళ్ళు జివ్వుమంటాయి. ఉండబట్టలేక అడిగాను.

"ఏం రుద్దుతున్నవే అన్నా?"

"రాతలు తుడుస్తున్న. చదువుకున్నోళ్ళు గద, గీతలు గియ్యకుంటే నిద్రపట్టదు ఆళ్ళకు." మళ్ళీ ఉఫ్ అన్నాడు. "నా పేరు మల్లన్న. రబ్బరు మల్లన్న అంటరు ఈడ. దానం వచ్చిన బుక్కులు బుక్ బ్యాంకుకు పోవాల్నంటే నా చేతిలకెళ్ళే పోవాలె. పెన్సిలైతే తుడుస్త, పెన్నైతే పక్కకు పెడ్త. గదీ రూలు. లేకుంటే పోరగాళ్ళు గా గీతలే చదివి పరీక్ష రాస్తరు."

"అన్నీ తుడుస్తవా?"

"అన్నీ. నీయి గూడ వస్తయిగా ఇప్పుడు" అని మూటల వైపు చూశాడు. "ఎవలయి?"

"నా బిడ్డయి."

అతను రబ్బరు తుంపులు పంచె మీద నుంచి దులుపుకున్నాడు.

అప్పుడు తట్టింది నాకు. కత్తి మిగిల్చింది రబ్బరుకు పోతుంది. ఇంతసేపూ తీసుకోరేమోనని భయపడ్డాను, ఇప్పుడు తీసుకుంటారేమోనని భయం. మూట ముడి విప్పి ఒక పుస్తకం తీశాను. నలభై రోజులు చేతులతో చూశాను గాని కళ్ళతో ఆ రోజే చూశాను. పేజీ లోపలి వైపు, కుట్టు దగ్గర, పైన, కింద, సన్నగా చీమల బారులాగ పెన్సిల్ రాత. బయటి వైపు మాత్రం ప్రతి వరస నా కత్తి దగ్గర టక్కున ఆగిపోయింది. ఇంట్లో ఆమెది ఇంకేముంది? ఒక ఫోటో, అదీ కాలేజీ గుంపులో, ముఖం చింతగింజంత. రెండు జాకెట్లు. ఇది ఆమె చేయి. తిరిగి తీసుకుపోవాలి, ఇప్పుడే లేచి పోవాలి, ఆ ఒక్క పుస్తకం లోపలుంటే ఉండనీ అనుకున్నాను. మూట ముడి కట్టాను కూడా. లేచి నిలబడ్డాను. నిలబడి హాలులోకి చూశాను, ఎందుకు చూశానో తెలియదు. తలుపు దగ్గర బల్ల మీద ఒక పిల్ల, ఎవరి బిడ్డనో, పుస్తకంలోంచి నోటులోకి, పుస్తకంలోంచి నోటులోకి ఎక్కించుకుంటోంది, ఆగి, కుడి చేతి వేళ్ళు విదిలించుకుని, మళ్ళీ రాస్తోంది. ఇంటికి తీసుకుపోతే ఏమవుతుంది. పెట్టెలో పెట్టి చాప పరుస్తాం. నాకు చదవడం రాదు, సత్తెమ్మకు రాదు, కొడుకు అంజన్న బస్సు టికెట్లు చింపి చింపి ఇంటికి రాగానే పడుకుంటాడు. నా బిడ్డ చేతిరాతకు కాపలా కూర్చుంటాం, ఆమె ఏమన్నదో మాకు తెలియదు, తెలిసినవాళ్ళకు ఇవ్వము. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మల్లన్న నా వైపు చూసి తల దించుకున్నాడు.

అప్పుడు విమలాదేవమ్మ వచ్చింది. చేతిలో సంతకం అయిన కాగితం. "సార్ ఒప్పుకున్నారు పెద్దాయనా. అన్నీ తీసుకుంటాం. ఇంత మంచి బైండింగు మా దగ్గరే లేదన్నారు. ప్రతి పుస్తకంలో మీ అమ్మాయి జ్ఞాపకార్థం అని చీటీ అంటిస్తాం." కొంచెం ఆగింది. "ఒకటే మాట. రాతలు తుడిచేస్తాం, రూలు. మీకు ఇష్టం లేకపోతే రాతలు లేనివి నాలుగైదు ఉంటాయి, అవి ఇచ్చి మిగతావి ఇంటికి తీసుకుపోండి. ఎవరూ ఏమీ అనుకోరు."

మూట ముడి విప్పాను, మళ్ళీ బిగించాను. ఆమె నిలబడింది. మంచిది ఆ అమ్మ, గడియారం చూసుకోలేదు.

"అమ్మా, నాకు చదువ రాదు" అన్నాను. "తుడిసే ముందుగాల ఏమున్నదో ఒక్కసారి నాకు సదివి చెప్తరా? ఒక్కసారి చాలు. విన్నంక నేనే తుడుస్త. గా అన్న చెయ్యి అడ్డం పోతున్నది, కాయితం ఖరాబైతది."

"నలభై ఏండ్ల సర్వీసుల నా చెయ్యికి వంక పెట్టినోడివి నువ్వే" అన్నాడు మల్లన్న. అంటూనే లేచి తన కుర్చీ నాకు జరిపాడు, రబ్బరు నా ముందు పెట్టాడు.

నాలుగు రోజులు వరసగా పోయాను. విమలాదేవమ్మ పని మధ్యలో వీలున్నప్పుడల్లా వచ్చి చదివేది, ఆమె లేనప్పుడు మల్లన్న కళ్ళద్దాలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. ఆమె చదివింది నేను విన్నాను, మనసులో పెట్టుకున్నాను, తర్వాత రబ్బరు కాగితం పొడుగున మెల్లగా నడిపాను, నూనె రాసినట్టు. నా గురించి ఏమైనా ఉంటుందేమో, వాళ్ళమ్మ గురించి, ఇంటి గురించి ఒక్క మాటైనా ఉంటుందేమో అనుకున్నాను. లేదు. ముప్ఫై ఒక్క పుస్తకాల్లో ఒక్క చోట కూడా లేదు. మొదట బాధనిపించింది. తర్వాత వింటూ వింటూ ఉంటే, ఈ పిల్ల ఎవరు, నాకు తెలియదే అనిపించింది. ఇంట్లో పెద్దగా గొంతెత్తని పిల్ల, రుక్మాబాయి ఎగతాళి చేసినా నవ్వి ఊరుకునే పిల్ల, ఆ పుస్తకాలు రాసిన పెద్ద పెద్దవాళ్ళతో పేజీ పేజీకీ జగడం పెట్టుకుంది. రాజు కట్టించాడు సరే, రాళ్ళు మోసింది ఎవ, అని ఒక చోట, అక్కడ నా కత్తి పడింది. ఇది మీకెవరు చెప్పారు, అని ఒక చోట. అబద్ధం, అని ఒక చోట, కింద రెండు గీతలు. కరువులో చచ్చినవాళ్ళ లెక్క ఇచ్చారు, పేర్లు ఏ, అని ఒక చోట. విమలాదేవమ్మ చదువుతూ నవ్వింది, "మా ప్రొఫెసర్లను కూడా నిలదీసేదే ఈ అమ్మాయి" అంది, నవ్వుతూనే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను తుడిచాను. అబద్ధాన్ని తుడిచాను, రెండు గీతలనూ తుడిచాను. గీతల కింద కాగితం కొంచెం లోతుగా ఉంది, గట్టిగా నొక్కి గీసింది, రబ్బరు నడిచినా ఆ లోతు పోలేదు, వేలు పెడితే తెలుస్తుంది. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉన్నా వాళ్ళ వేలికి తగులుతుంది.

అంచులు కోసింది సత్తెమ్మకు చెప్పలేదు. ఇచ్చి వచ్చిన, మంచిగ తీసుకున్నరు, అని మాత్రం చెప్పాను. ఆమె పోయే దాకా చెప్పలేదు. పన్నెండేళ్ళు నీలమ్మ రాసిన మాటలన్నీ నా తలలోనే తిప్పుకున్నాను, బస్సులో, దుకాణంలో, లై కలుపుతూ, ఒక్కటి తప్పిపోయినా ఇంకెక్కడా దొరకదు కాబట్టి. ఈ మధ్య మందులు వేసుకున్నానా లేదా మర్చిపోతున్నాను. అందుకే నిన్ను కూర్చోబెట్టాను కమలా. ఇప్పటిదాకా చెప్పిన ఆ రాతలు వేరే కాగితం మీద మళ్ళీ ఒకసారి రాయి, తెగిన చోట తెగినట్టే ఆపు, నీ తెలివితో నింపకు.

ఒకటి మిగిలింది. నాలుగో రోజు ఆఖరి పుస్తకంలో ఆఖరి పేజీ. కింద ఖాళీ చోటులో రాసింది. మల్లన్నే చదివాడు. ఈ పుస్తకం నేను రాస్తే మొట్టమొదట, అని చదివి ఆగాడు. "చదువు అన్నా" అన్నాను. పుస్తకం కిటికీ దగ్గరికి పట్టుకుపోయి వంచి చూశాడు. రెండో వరస ఉంది, కానీ నా కత్తి సరిగ్గా దాని మీదుగానే పోయింది. "అక్షరాలు లేవే బాలన్నా, తలకట్లు మాత్రం ఉన్నయ్" అన్నాడు. చూపించాడు. కాగితం కొసన, వరసగా, చిన్న చిన్న తలకట్లు, కింద ఏ అక్షరమూ లేదు, గాలి. మొట్టమొదట ఏం రాసేదో. మల్లన్న, "గివి వదిలేద్దాం తియ్యి, ఎవలకు కనబడ్తయ్" అన్నాడు. రూలు రూలే అన్నాను. లెక్కపెట్టుకుని, ఒక్కొక్కటి తుడిచాను.

పెన్నుతో రాయి, పెన్సిల్ వద్దు. ఈ పుస్తకం నేను రాస్తే మొట్టమొదట. రాశావా. ఇప్పుడు కింది వరసకు రా.

"తలకట్లు ఎన్నున్నయ్ తాతా?"

"తొమ్మిది. మూడు దగ్గర దగ్గరగ, జర ఎడం, మల్ల ఆరు. పెట్టు బిడ్డా. కింద ఏం రాయకు."